తారు డబ్బాతో పెన్న మొగదాకా

మైపాడు సముద్రంలో మునిగి వచ్చినవాళ్ళు నెల్లూరులో వీధికి పదిమంది ఉంటారు. ఏటి వెంబడే నడిచిపోయి, పెన్న సముద్రంలో కలిసే మొగను చూసి వచ్చినవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు. పోవలసిన పని ఎవరికీ ఉండదు. నాకు పడింది. నాలుగు రోజులు తిరిగాను. వచ్చాక మా ఆవిడ ఏం చూశారని అడిగింది. ఇసక చూశాను, నీళ్ళు చూశాను అన్నాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నేనొక ప్లాస్టిక్ కంపెనీలో స్టోర్‌కీపర్ని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఊరి చివర ఏటికి దగ్గరగా రెండు రేకుల షెడ్లు, నాలుగు మిషన్లు, అంతే. మగ్గులు, నీళ్ళ గొట్టాలు, రెయిన్‌కోటు గుడ్డ చేస్తాం. గుడ్డా గొట్టమూ మెత్తగా వంగాలంటే ప్లాస్టిక్ పొడిలో ఒక నూనె కలపాలి. ఆ నూనె మద్రాసు నుంచి ఇనప పీపాల్లో వస్తుంది. కొత్త రెయిన్‌కోటు మడత విప్పి ముఖానికి ఆనించుకుంటే ఒక వాసన వస్తుందే, అదే దాని వాసన. మొదటి రోజు బాగానే ఉంటుంది. పదో రోజుకి అన్నం కలుపుకున్నా అదే వాసన.

కార్తీకం చివర ఏరు పొంగి మా పెరట్లోకి వచ్చింది. పోతూ పోతూ పీపాలను కూడా తీసుకుపోయింది. కొన్ని నిండువి, కొన్ని సగం. మా యజమాని పెద్దగా బాధపడలేదు. ఆయన బాధ నెల తరవాత మొదలైంది. కింద పల్లెల్లో నీళ్ళకూ చేపలకూ ఏదో కంపు పట్టిందని ఎవరో కలెక్టరాఫీసులో అర్జీ పెట్టినట్టు ఆయనకు తెలిసింది. మర్నాడు నన్ను పిలిచి ఒక తారు డబ్బా, ఒక కుంచె, సంచీ నిండా రంగురంగుల మగ్గులు చేతికిచ్చాడు.

"పీపాలు తేవద్దు. ఎవరికి దొరికితే వాళ్ళు వాడుకోనీ. వాటి మీద మన కంపెనీ పేరు ఎర్రగా రాయించాం చూడు, అది మాత్రం కనపడకూడదు. తుప్పు పట్టకుండా తారు పూస్తున్నామని చెప్పు. ఇంటికో మగ్గు ఇవ్వు" అన్నాడు.

కాదనవచ్చు కదా అని మీరు అనవచ్చు. నేను మిషన్ బడిలో ఆరేళ్ళు పాఠాలు చెప్పి, ట్రైనింగు లేదని ఇంటికి పంపిస్తే మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నవాణ్ణి. ఈ ఉద్యోగం దొరికిన ఆదివారం మా ఆవిడ గుళ్ళో లేచి నిలబడి కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పింది. తారు డబ్బా అందుకుని, ఎప్పుడు బయల్దేరమంటారు అని అడిగాను.

కయ్యల దగ్గర

మొదటి రోజు దక్షిణపు గట్టు పట్టుకుని తూర్పుగా నడిచాను. మార్గశిరపు ఎండ హాయిగానే ఉంది. ఏటి పొడుగునా పొదలకు నీలం పీలికలు వేళ్ళాడుతుంటే, ఎవరో మొక్కుబడికి గుడ్డలు కట్టారనుకున్నాను. దగ్గరికి పోతే అది మా రెయిన్‌కోటు గుడ్డ. మిషన్లో సరిగా రాని ముక్కల్ని షెడ్డు వెనక్కి విసరడం మా అలవాటు. అక్కడి నుంచి అవి ఎటు పోతాయో చూసిన మొదటి ఉద్యోగిని నేనే అయివుంటాను.

మొదటి పీపా ఇందుకూరుపేట దారిలో సుబ్బరామిరెడ్డి అనే రైతు గొడ్ల కొట్టంలో దొరికింది. నిలువునా కోయించి కుడితి తొట్టి చేసుకున్నాడు. గేదెలు మూతి పెట్టి, చీది, పక్కకు తిరుగుతున్నాయి. రెడ్డిగారు మంచి మాటకారి. రాండి రాండి, లోపల కూర్చుందాం అన్నారు. నా పేరు దేవసహాయం అని చెప్పాక, పంచలోనే గాలి బాగా వస్తుందన్నారు. పంచలోనే విస్తరి వేశారు. మొలగొలుకుల అన్నం, పప్పు, గడ్డ పెరుగు. అటువంటి అన్నం మా ఇంట్లో పండగకు కూడా ఉడకదు. తిన్నాక నా విస్తరి నేనే ఎత్తి దూరంగా పారేసి వచ్చాను. మా వాళ్ళ విందుల్లో అతిథి విస్తరి ముట్టుకుంటే ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"పీపాలో నూనె ఉండాలే, ఏం చేశారు?" అని అడిగాను.

"వరి కయ్యకు చల్లించినానబ్బయ్యా. మొన్న గవర్నమెంటోళ్ళు పురుగుల మందని ఒకటి ఇచ్చినారు. దానికీ ఇట్టాంటి కంపే. కంపెనీ కంపు ఉండాది గదా, ఇదీ మందే అనుకున్నా. ఏటమ్మ ఊరికే ఇచ్చింది, కాదనడం దేనికి?"

"పురుగు చచ్చిందా?"

"పురుగు సంగతి దేవుడెరుగు. కప్పలు అరవడం మానినాయి."

"మరి ఆ కయ్య నీళ్ళు?"

"గెనిమ కొట్టి కాలవలోకి వదిలేసినా. యాడికి పోతాయి, మళ్ళీ ఏట్లోకే."

తారు పూశాను. ఊరికే పూస్తున్నందుకు రెడ్డిగారు చాలా సంతోషించారు. ఎర్ర మగ్గు ఇస్తే ఇంట్లో ఆడవాళ్ళంతా చేతులు మార్చుకుంటూ చూశారు. ఇత్తడి చెంబు ఆరు రూపాయలుంటే ఇది ముప్పావలా, కింద పడినా సొట్ట పోదు అని నేను బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. రెడ్డిగారి తల్లి మగ్గును గోటితో గీకి చూసి, "ఇది పాడైతే ఏం చేయాల?" అని అడిగింది. పారేయడమే అన్నాను. "యాడ?" అంది. ఏటి వైపు చెయ్యి చూపించాను. సబబే అన్నట్టు ఆమె తల ఊపింది.

మస్తానమ్మ కాఫీ

రెండో రోజు పొద్దున కరకట్ట మీద ఒక గుడిసె హోటలు కనిపించింది. నడిపే ఆమె పేరు మస్తానమ్మ. కారం దోసె ఆరు నయాపైసలు, కాఫీ పది. మా ట్రంకురోడ్డు హోటళ్ళలో దోసె మీద కారం చూపించి వదిలేస్తారు. ఇక్కడ అట్టు ఎర్రబడేదాకా రాసి, పైన పప్పులపొడి చల్లి ఇచ్చింది. మూడు తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మంట చల్లారడానికి కాఫీ నోట్లో పోసుకుంటే కంపెనీ వాసన కొట్టింది.

మొదట నా చేతులే అనుకున్నాను. ఏటికి పోయి ఇసకతో రుద్దుకుని వచ్చి మళ్ళీ తాగాను. మళ్ళీ అదే. అప్పుడు గుడిసె వెనక్కి పోయి చూస్తే, నీడపట్టున, ఇటికల మీద, మా పీపా. మూతికి శుభ్రంగా గుడ్డ కట్టి ఉంది. తాగే నీళ్ళు అందులోనే.

"నూనె దీపాలకు పోసుకున్నానబ్బయ్యా. పొగ తప్ప వెలుగు లేదు, పారబోసినా. పీపాను చింతపండేసి నాలుగుసార్లు తోమినా. వాసన పోలా. ఒక వారం వచ్చినోళ్ళు మూతి ముడుచుకున్నారు, తరవాత అలవాటైపోయినారు" అంది మస్తానమ్మ.

ఇందులో తాగే నీళ్ళు పెట్టవద్దమ్మా అని చెప్పబోయాను. ఎందుకు అని అడుగుతుంది. అడిగితే ఆ నూనె ఏమిటో చెప్పాలి, ఏమిటో చెబితే ఎవరిదో చెప్పాలి. కనుక ఏమీ చెప్పకుండా ఎర్రక్షరాల మీద తారు పూసి, ఒక మగ్గుకు బదులు రెండు ఇచ్చాను. ఆమె కాఫీకి పైసలు తీసుకోలేదు. ఆ కాఫీ నాలుక మీద రెండు రోజులుంది.

మధ్యాహ్నం గట్టు దిగుతూ కాలు జారి పడ్డాను. తారు డబ్బా మూత ఊడి పంచె మోకాళ్ళదాకా నల్లబడింది. ఒక ఇంట్లో కిరసనాయిలు అడిగి తెచ్చుకుని, ఏట్లో కూర్చుని గంటసేపు ఉతికాను. నీళ్ళ మీద రంగుల తెట్టు కట్టి మెల్లగా కిందికి పోయింది. చేపపిల్లలు మేత అనుకుని దాని వెంట పడ్డాయి. నేను కూడా కంపెనీకి తీసిపోనని అప్పుడు తెలిసింది.

మొగ దగ్గర పల్లె

మూడో రోజు ఒక జాము పొద్దెక్కేసరికి గాలిలో ఉప్పు తగిలింది. సరివి చెట్ల తోపు దాటగానే మొగ కనిపించింది. నెల్లూరు వంతెన మీద నుంచి చూసే పెన్న కాదు ఇది. ఏరు ముందుకు తోస్తుంది, అల వెనక్కి నెడుతుంది. ఆ రెండింటి మధ్య నీళ్ళు పోవడమూ లేదు, నిలవడమూ లేదు. పైన జిడ్డు ఎండకు రంగులు మారుస్తోంది. నాకు సంతోషం కలగలేదు. ఇంత దూరం వచ్చినందుకు సంతోషం కలగాలి కదా అని నామీద నాకే కోపం వచ్చింది.

అక్కడ చేపలు పట్టే పట్టపువాళ్ళ పల్లె ఉంది, దాని పేరు రాయను. పల్లెలో మొదటి గుడిసె పోలయ్యది. ముప్పై అయిదేళ్ళ మనిషి. గుమ్మం ముందు మా పీపాలోంచి తెల్లని వల తీసి ఇసక మీద పరుస్తున్నాడు. ఆ పల్లెలో మిగతా వలలన్నీ నూలువి, ఇటికరంగువి. తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో పదిహేను రోజులకొకసారి ముంచి ఎండబెట్టకపోతే నూలు కుళ్ళిపోతుంది. పోలయ్యది నైలాను వల. ముంచే పని లేదు, కుళ్ళదు. ఊరందరికీ ఉమ్మడిగా ఒక పెద్ద అలివి వల ఉంది. ఒడ్డున నలభైమంది నిలబడి లాగుతారు. అందులో తండ్రి నాటి తన పాలు అమ్ముకుని పోలయ్య దీన్ని కొన్నాడు. ఇప్పుడు ఉమ్మడి వలలో అతనికి చోటు లేదు. ఈ తెల్ల వల ఒక్కటే అతనికున్న ఆధారం.

"తుమ్మరసం తాగని వల పచ్చి వలని మావోళ్ళు ఎగతాళి చేస్తారు సామీ. చేయనీ. ఎలకలు కొరక్కుండా ఏటమ్మే పీపా ఇచ్చింది" అన్నాడు.

తుప్పు కథ చెప్పి బయట అక్షరాల మీద తారు పూశాను. అతను కుంచె తీసి చూసి మంచి తారు అని మెచ్చుకుని, "లోపల కూడా రొవ్వంత పూయండి సామీ, అడుగున చెమ్మ చేరతా ఉండాది" అన్నాడు. లోపల పూయడానికి తల దూర్చితే నూనె వాసన గుప్పుమంది. మొత్తం పూశాను. పని బాగా చేశానన్న తృప్తి కూడా కలిగింది.

అతని భార్య బంగారమ్మ నన్ను లోపలికి పిలిచి పొయ్యి పక్కనే పీట వేసింది. పేరు చెప్పినా పీట అక్కడే ఉంది. పోలయ్యా నేనూ ఒకే పళ్ళెంలోని సంగటి తుంచుకుని తిన్నాం. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆమె గరిటె పట్టుకుని ఆగింది. ఏమని మొక్కినావన్నా అని అడిగింది. తిండి పెట్టిన చేతుల్ని దీవించమన్నాను అని చెప్పాను. సిగ్గుపడి ఇంకో ముక్క వేసింది. మామిడి ఒరుగులు వేసి వండిన కానాగంత చేపల పులుసు. పులుపు, కారం, ఉప్పు అన్నీ సరిగ్గా కుదిరాయి. వాటి కింద కొత్త రెయిన్‌కోటు.

"నీకూ తెలిసింది గదన్నా?" అంది నా ముఖం చూసి. "మూడు వారాలుగా సైకిళ్ళ మీద వచ్చే బేరగాళ్ళు మా ఊరి చేప ముట్టడం లేదు. కిరసనాయిల్లో కడిగినారా అంటన్నారు. ఎండేసినా పోదు. పిలకాయలు వాంతి చేసుకుంటన్నారు. సాయంత్రం పెద్దకాపు మామ ఊరందరినీ కూర్చోబెడతన్నాడు."

"వరద తరవాత మొదలైందా?"

"వరద తరవాత ఎక్కువైంది. రొవ్వంత రొవ్వంత మొన్న ఎండాకాలం నుంచే ఉండాది. మేం వల కొన్నకాడి నుంచి అని ఊరోళ్ళు అంటారు."

మొన్న ఎండాకాలమే మా మిషన్లు తిరగడం మొదలుపెట్టాయి. ఖాళీ పీపాలను ప్రతి శనివారం కాలవలో కడిగించి మద్రాసు లారీ ఎక్కించేది నేనే. కాలవ ఏట్లో కలుస్తుందని నాకు తెలుసు. ఏరు సముద్రంలో కలుస్తుందని బళ్ళో నేనే చెప్పాను. మధ్యలో మనుషులున్నారని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ముద్ద మింగి, పులుసు బాగుందన్నాను.

దురాయి

మనవైపు కాపు అంటే ఒక కులం. ఇక్కడ ఊరిపెద్దను కాపు అంటారు. ఆయన పదిమందిలో ఇచ్చిన తీర్పు దురాయి. దురాయి పడితే ఎవరూ దాటరు, పోలీసులకు పోవడం ఉండదు. మన కోర్టుల్లో ఏళ్ళు పట్టేది అక్కడ పొద్దు కుంకే లోపల తేలిపోతుంది. ఇది మెచ్చుకోవలసిన సంగతేనని ఆ సాయంత్రం కూర్చునేముందు అనుకున్నాను.

పెద్దకాపు పేరు చెంగయ్య. నెమ్మదైన ముసలాయన. ఒక చేత కానాగంత, ఒక చేత తెల్ల వల కొస పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి రెండూ వాసన చూడమన్నాడు. అతిథిని కనుక నాకూ ఇచ్చారు. నిజమే. రెండూ ఒకటే వాసన.

"మా తాతల కాడి నుంచి వలకు తుమ్మరసం తాపి, గంగమ్మకు చూపి, నీళ్ళలో దించినాం. ఈ పచ్చి వల దిగినాక చేప కంపెక్కింది. దీని కంపే దానికి పట్టింది. ఎవరన్నా కాదంటారా?" అన్నాడు చెంగయ్య.

ఆడవాళ్ళలోంచి బంగారమ్మ లేచింది. "నేనంటా మామా. కొన్నప్పుడు వలకు ఏ వాసనా లేదు. వరదలో కొట్టుకొచ్చిన పీపాలో పెట్టినాక పట్టింది. ఆ పీపాలోనే ఉండాది కంపంతా. తెప్పించి చూడండి. ఏటికి పైన ఎవరో ఏదో కలపతన్నారు, మన వలను కాలిస్తే అది ఆగుతుందా?"

చదువు లేని మనిషి. నెల్లూరు ఎప్పుడూ చూడని మనిషి. ఉన్నచోటనే కూర్చుని నాలుగు ముక్కల్లో మొత్తం చెప్పేసింది.

పీపా దొర్లించుకొచ్చారు. చెంగయ్య వంగి తల లోపల పెట్టాడు. దగ్గుతూ బయటికి తీశాడు. "తారు తప్ప ఇంకేం లేదు గదమ్మా."

"ఈ అన్న పొద్దున పూసినాడు మామా. పూసేముందు తల దూర్చినాడు. ఆయనకు తెలిసి ఉంటాది, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. బంగారమ్మ ముఖంలో భయం పోయింది. తన ఇంట తిన్న మనిషి సాక్ష్యం చెప్పబోతున్నాడన్న నిబ్బరం వచ్చింది.

"అయ్యా, మాలో మాకు ఉమ్మడి వల కాడ కోపాలు ఉండాయి. మీకు లేవు. చదువుకున్నోళ్ళు. మీరేం చెబితే అదే చేస్తాం. తారు పూయకముందు దీంట్లో ఈ కంపు ఉండిందా?" అని అడిగాడు చెంగయ్య.

"నేను చూసినప్పుడు ఏ వాసనా లేదు" అన్నాను.

ఆ మాట గొంతు దాటడం కష్టమవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా వచ్చింది.

వల కాల్చాలని దురాయి పడింది. ఎవరి వలకు వాళ్ళే నిప్పు పెట్టాలట. పోలయ్య ఎదురు చెప్పలేదు. వల అంచుకు కట్టిన ఇనప గుండ్లు ఊడదీసుకుంటానని మాత్రం అడిగాడు. సరేనన్నారు. ఊరంతా చూస్తుండగా కూర్చుని, ఒక్కో గుండు ముడి విప్పి, పక్కన వరసగా పెట్టాడు. కత్తితో కోస్తే ఒక్క నిమిషం పని. కోయడానికి అతనికి చేతులు రాలేదు. బంగారమ్మ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నూలైతే బూడిదయ్యేది. ఇది మండుతూ ముడుచుకుని, కరిగి, నల్లగా బొట్లు బొట్లుగా ఇసక మీదికి జారింది. ముక్కులు పగిలే కంపు లేచింది. చూసినారా, దీంట్లోనే ఉండాది అని ఎవరో అన్నారు. గట్టిపడిన నల్లముద్దల్ని ఒడ్డున ఉంచకూడదని కర్రలతో తోసి నీళ్ళలో కలిపారు. చెంగయ్య నా రెండు చేతులూ పట్టుకుని, మీ మాటతో మా ఊరు ఒడ్డున పడిందయ్యా అన్నాడు. ఆయనకు నీలం మగ్గు ఇచ్చాను.

బస్సు

ఆ రాత్రి నాకు పడుకోను చాప వేసింది పోలయ్యే. పొద్దున ఉమ్మడి వల లాగుతుంటే చూడడానికి పోయాను. పోలయ్య కూలివాడిగా తాడు పట్టుకున్నాడు. వల ఒడ్డుకొచ్చింది. కవళ్ళ చేపలు తెల్లగా ఎగిరిపడుతున్నాయి. చెంగయ్య ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కవాడికిచ్చాడు. అతను ఇంకొకరికిచ్చాడు. నలభైమందీ తాళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరో, బూడిద నీళ్ళలో కలిసింది గదా, రెండు రోజులుంటాది అన్నారు. మరెవరో, బంగారమ్మ అంత మందిలో అబద్ధం ఆడింది, గంగమ్మకు అది గిట్టలేదు అన్నారు. రెండో మాటకు ఎక్కువమంది తలలు ఊపారు.

బస్సు ఆగే చోటు అక్కడికి మైలుంటుంది. వద్దంటున్నా పోలయ్య నా సంచీ మోసుకుని వచ్చాడు. సరివితోపులో సగం దూరం నడిచాం. అక్కడ నేను ఆగిపోయాను.

"పోలయ్యా, నిన్న నేను చెప్పింది అబద్ధం. ఆ కంపు పీపాది. పీపా మా కంపెనీది. మీ చేపలకు పట్టింది కూడా మా నూనే" అన్నాను.

అతను సంచీ దించాడు. "తెలిసే చెప్పినారా?"

"తెలిసే."

"ఎందుకు సామీ?"

"నిజం చెబితే ఉద్యోగం పోతుంది."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను మాత్రం, "వల ఎట్టాగూ రాదు, పోనీండి" అన్నాడు. "ఇంటిదాన్ని పొద్దున బావికాడ ఎవరూ పలకరించలా. బిందె పెడితే పక్కకు జరిగినారంట. అది అబద్ధం ఆడలేదని ఊరికి తెలిస్తే చాలు. పెద్దకాపును తీసకొస్తా. నాకు చెప్పిన మాటే ఆయనకు చెప్పండి. చెబుతారు గదా?"

"చెబుతాను" అన్నాను. ఆ నిమిషాన చెప్పాలనే అనుకున్నాను. దేవుడెరుగు.

అతను పంచె ఎగ్గట్టి పల్లె వైపు పరుగెత్తాడు. నేను సంచీ ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. అరగంట నిలబడ్డాను. ఏం చెప్పాలో మాటలు కూడా పేర్చుకున్నాను. కలెక్టరుకు కూడా రాసిస్తానని చెబుదామనుకున్నాను. ఇంతలో బస్సు వచ్చింది. తరవాతి బస్సు సాయంత్రం. ఎక్కి సంచీ పైన పెట్టేదాకా, ఎక్కానన్న సంగతి నాకే తెలియలేదంటే మీరు నమ్మరు. నమ్మవద్దు. తెలుసు.

బస్సు కదులుతుండగా కిటికీలోంచి చూశాను. సరివితోపు దాటి పోలయ్య పరుగెత్తుకొస్తున్నాడు. వెనక చెంగయ్య, ఆ వయసులో, ఆయాసపడుతూ. అందరికంటే ముందు బంగారమ్మ, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, రెండు చేతులూ పైకెత్తి.

"ఓ అన్నా, ఉండు" అని ఆమె గొంతు వినిపించింది.

కండక్టరు తల బయట పెట్టి చూసి నా వైపు తిరిగాడు. "మీ కోసం లాగుండాదే సార్. ఆపమంటారా?"

"వాళ్ళెవరో నాకు తెలియదు" అన్నాను. "పోనీ."